పాత సిస్టమ్‌లు, ఊరికే వచ్చే సాఫ్ట్‌వేరు: ముందు మీ ఫైళ్ల సంగతి చూడండి

మీ ప్రశ్న ఇదీ. గాజువాకలో మీకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. నాలుగు సిస్టమ్‌లు, నాలుగూ ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్లున్నవే. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి నాలుగూ మార్చేయాల్సిందేనని డీలరు అంటున్నాడు. ఇంజినీరింగ్ చదువుతున్న మీ అబ్బాయేమో, "రూపాయి ఖర్చు లేకుండా అన్నిటికీ లినక్స్ వేసేస్తానమ్మా" అంటున్నాడు. లినక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే, ఊరికే వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుని షాపు నడపగలనా, వీళ్లిద్దరిలో ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటలోనూ సగమే ఉందమ్మా. నేను 1999 నుంచి విశాఖ డాబాగార్డెన్స్‌లో సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. మీలాంటి షాపులు చాలా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు డీలరు మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజం. విండోస్ 11 కావాలంటే మదర్‌బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. మీ ఆరో తరం ఆ గీతకి అవతల ఉండిపోయింది. అంతమాత్రాన నిన్నటిదాకా ఆధార్ ప్రింట్లు, హాల్‌టికెట్లు తీసిపెట్టిన సిస్టమ్ రాత్రికి రాత్రి చెడిపోలేదు. దానికి గడువు పెట్టింది దాని వయసు కాదు, కంపెనీ. సొంత వాడకానికి పెట్టుకున్నవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటొకటి మైక్రోసాఫ్టే పెట్టింది, మీ ఇంట్లో పాత లాప్‌టాప్ ఏదైనా ఉంటే దానికి అది చూసుకోండి. పాత మిషన్ల మీద దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే వీడియోలు బోలెడున్నాయి. షాపు సిస్టమ్‌కి ఆ పని చేయించకండి. రేపు ఏ అప్‌డేట్ దగ్గర మొరాయిస్తుందో ఎవరూ పూచీ పడరు.

కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి విప్పించి చూడండి. మన ఊరి ఉప్పుగాలికి ర్యామ్ పిన్నులు మసకబారతాయి. గాజువాకలో దానికి దుమ్ము కూడా తోడు. పిన్నుల్ని పిల్లల రబ్బరుతో తుడిచి, ఫ్యాను శుభ్రం చేసి, తిరిగే హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేస్తే ఆరో తరం ఐ3 ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. "స్లో అయిపోయిందండీ" అని నా బెంచీ మీదికి వచ్చేవాటిలో చాలావాటికి ఇదే మందు.

ఇక అసలు విషయానికొస్తాను. విండోసా, లినక్సా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న మీ ఫైళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నది. ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు, హుద్‌హుద్ తుపాను నేర్పింది.

2014 అక్టోబరు 12 ఆదివారం మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. కరెంటు వచ్చాక తడిసిన సిస్టమ్‌లు మోసుకుంటూ జనం మా షాపుకి వరస కట్టారు. వాళ్లలో ఒక రిటైర్డు తెలుగు లెక్చరర్ గారున్నారు. ఎంవీపీ కాలనీలో ఉండేవారు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెలు తిరిగి తప్పెటగుళ్ల వాళ్ల దగ్గర, పొలాల్లో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ల దగ్గర పాటలు రాసుకుని, ఏళ్ల తరబడి ఒక డీటీపీ షాపులో టైపు చేయించుకున్నారు. ఆరొందల పేజీలకి పైమాటే. ఆ షాపు రేకులు గాలికి లేచిపోయి సిస్టమ్ తడిసిపోయింది. హార్డ్‌డిస్క్ మాత్రం బతికింది. నేను దాన్ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి ఫైళ్లు బయటికి తీశాను. ఒక్కటీ పోలేదు. మాస్టారు నా చేతులు పట్టుకున్నారు.

తీరా ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పేజీలకి పేజీలు. ఆ రోజుల్లో డీటీపీ వాళ్లు వాడిన ఫాంట్లు తెలుగుని తెలుగుగా దాచేవి కావు. ఇంగ్లిషు అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు బొమ్మ ఒకటి పెట్టేవి. ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో చూస్తే పాట కనిపిస్తుంది, లేనిచోట చెత్త కనిపిస్తుంది. ఆ ఫాంటు ప్యాకేజీ నడవాలంటే వెనకాల డోంగిల్ అనే, తాళంచెవి లాంటి చిన్న పరికరం గుచ్చాలి. డోంగిల్ ఉప్పునీళ్లకి తుప్పు పట్టిపోయింది. షాపతను కొత్తది కొనే స్థితిలో లేడు, రేకులు వేయించుకోవడానికే అప్పు చేశాడు.

చివరికి మార్పిడి చేసే ప్రోగ్రాములు పట్టుకుని, ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతిలోకి తెచ్చాం. ఒత్తులన్నీ తారుమారు. మాండలికంలో ఉన్న పాటలు కాబట్టి ఏది తప్పో ఏది యాసో ప్రోగ్రాముకేం తెలుస్తుంది? మాస్టారి మనవరాలు పాత ప్రూఫు కాగితాలు పక్కన పెట్టుకుని, తాతగారు పాడి వినిపిస్తుంటే ఒక్కో పాటా సరిచేసింది. నెలలు పట్టింది. ప్రూఫులు మిగలని పాటలు కొన్ని అలాగే పోయాయి. ఆ పాటలు పాడినవాళ్లలో కొందరు అప్పటికే లేరు.

పైరసీ కాదు, వైరస్ కాదు, డబ్బు ఎగ్గొట్టింది లేదు. అన్నీ సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేరే. అయినా మాస్టారి ఇరవయ్యేళ్ల కష్టానికి తాళంచెవి మాస్టారి దగ్గర లేదు. అప్పటినుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా అడిగే మొదటి మాట ఒకటే: ఈ ప్రోగ్రాము రేపు లేకపోతే మీ ఫైలు ఎక్కడ తెరుచుకుంటుంది?

మీకు తెలిసిన పోలికే చెబుతాను. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే ఫోను కంపెనీ మారే వీలొచ్చింది కదా. అంతకుముందు సిగ్నల్ లేకపోయినా, బిల్లు తప్పుగా వచ్చినా నంబరు పోతుందన్న భయంతోనే జనం అక్కడే పడి ఉండేవారు. యూపీఐ చూడండి. పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ బండి మీద ఏ కంపెనీ క్యూఆర్ ఉన్నా మీరు ఏ యాప్‌తోనైనా డబ్బు కట్టగలరు. యూపీఐ ఓపెన్ సోర్సు కాదు, అంటే దాని లోపలి కోడ్ అందరూ చూసి మార్చుకునేది కాదు. కానీ అన్ని యాప్‌లూ ఒకే పద్ధతికి కట్టుబడ్డాయి కాబట్టి ఎంపిక ఆవిడ చేతిలోనూ మీ చేతిలోనూ ఉంది. ఫైళ్లకీ అలాంటి ఉమ్మడి పద్ధతులున్నాయి. తెలుగుకి యూనికోడ్ ఉంది. ఆఫీసు కాగితాలకి ఓడీఎఫ్ ఉంది, 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. అచ్చుకి పీడీఎఫ్ ఉంది. మీ పని వీటిలో ఉంటే ఈ రోజు విండోస్‌లో, రేపు లినక్స్‌లో, ఎల్లుండి ఇంకా పేరు పెట్టనిదాంట్లో కూడా తెరుచుకుంటుంది.

విండోస్ 10 గడువు తీరిన 2025 అక్టోబరు 14నే, మన విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం, డేటా సెంటరు పెడతామని ఢిల్లీలో గూగుల్ ప్రకటించింది. అప్పట్నుంచి "ఇంక మన డేటా మన ఊళ్లోనే ఉంటుంది కదా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఊరికి మంచి జరగాలనే నేనూ కోరుకుంటాను. కానీ సర్వరు పక్క వీధిలో ఉన్నా పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున, అకౌంటు ఆగిపోయిన రోజున దాని తలుపు మీకు తెరుచుకోదు. క్లౌడ్‌లో పెట్టుకోండి, వద్దనను. హుద్‌హుద్‌లో షాపులోనే ఉంచుకున్నవాళ్ల ఫైళ్లు తడిశాయి, క్లౌడ్‌లోనే ఉంచుకున్నవాళ్లు సిగ్నల్ లేక చూసుకోలేకపోయారు. ఒక కాపీ అక్కడ, ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఇంటి బీరువాలో ఉండాలి.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. ఊరికే వచ్చేది నమ్మొచ్చా అన్నారు. ఇంగ్లిషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకే మాట కాబట్టి వాళ్లకి ఈ గందరగోళం తప్పదు. మనకి రెండు వేరే మాటలున్నాయి. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు అడిగింది ఉచితం కాదు, స్వేచ్ఛ. ప్రోగ్రాముని ఏ పనికైనా వాడుకునే, లోపల ఏముందో చూసే, మార్చుకునే, పదిమందికి పంచే స్వేచ్ఛ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము, దానికి తోడైంది. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను నడిచేది ఆ కెర్నల్ మీదే. కాబట్టి మీరు లినక్స్‌ని కొత్తగా నమ్మడం లేదు, రోజూ నమ్ముతూనే ఉన్నారు. మన దేశంలో కేరళ ప్రభుత్వ బడులు ఎన్నో ఏళ్లుగా దీంతోనే పిల్లలకి పాఠాలు చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్సుకి ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చింది.

అలాగని దీన్ని దేవుడి విగ్రహం చేసి మీ ముందు పెట్టను. కోడ్ అందరికీ కనిపిస్తుందన్నది నిజం, అందరూ చూస్తున్నారన్నది నిజం కాదు. 2024 మార్చిలో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములోకి ఎవరో దొంగదారి చొప్పించారు. లక్షల సర్వర్లలోకి పాకేది. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానపడి తవ్వుకుంటూ వెళ్తే బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. మూసి ఉన్న ప్రోగ్రామైతే బయటివాడు అలా తవ్వగలిగేవాడు కాదు. అది ఒక పక్క. అంత కీలకమైన ప్రోగ్రాముని ఏళ్ల తరబడి జీతం లేకుండా దాదాపు ఒక్క మనిషే మోశాడు, ఆ అలసటనే దొంగ వాడుకున్నాడు. అది రెండో పక్క. అందుకే ఊరికే వచ్చింది కదా అని ఊరుకోకూడదంటాను. ఏడాదికోసారి మీకు తోచినంత పంపండి. డబ్బు కుదరకపోతే ప్రోగ్రాములో తెలుగు అనువాదం తప్పుగా ఉన్నచోట రాసి పంపండి. మీ అబ్బాయికి అది కాలేజీ ప్రాజెక్టుల కన్నా పనికొచ్చే చదువు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి సరిగ్గా అదే చేయబోతున్నాడు. ఒకప్పుడు ఉబుంటు అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు అడిగినవాళ్లకి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు, 2011లో ఆపేశారు. ఆ కవర్లు వచ్చినప్పుడల్లా మద్దిలపాలెం చుట్టుపక్కల కాలేజీ పిల్లలకి పంచేవాణ్ని. ఆ ఊపులో 2009లో అక్కయ్యపాలెంలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో ఉన్న మూడు సిస్టమ్‌లూ ఒక్క ఆదివారంలో మార్చేశాను. సోమవారం పొద్దున వాళ్ల లేజర్ ప్రింటర్‌కి లినక్స్ డ్రైవరు సరిగ్గా లేదని తేలింది. పెళ్లిళ్ల సీజను. టికెట్ల ప్రింట్లు కావాలి. ఆ ఆఫీసు నడిపే ఆవిడ మూడు రోజులు పక్క షాపుకి పరిగెత్తి ప్రింట్లు తెచ్చుకుంది. నాలుగో రోజు నన్ను పిలిచి, "మీకు నచ్చింది నా మీద రుద్దారు, నన్నొక మాట అడగలేదు" అంది. మళ్లీ విండోస్ వేయించుకుంది. స్వేచ్ఛ పేరు చెప్పి నేను ఆవిడ ఎంపికే లాగేసుకున్నాను. ఇప్పటికీ ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. ఎవరి సిస్టమ్‌లో ఏముండాలో చెప్పాల్సింది దాని ముందు కూర్చుని పనిచేసేవాళ్లు. వాళ్లు అన్నీ తెలుసుకుని విండోసే కావాలన్నా అది వాళ్ల హక్కే.

కాబట్టి మీ షాపుకి నా సలహా ఇది. ముందు ఏ సిస్టమ్‌నీ ఫార్మాట్ కొట్టొద్దు. ఇప్పుడున్న విండోస్‌లోనే కాగితాలకి లిబ్రెఆఫీస్, ఇంటర్నెట్‌కి ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, ఫొటోలకి గింప్, డిజైన్లకి ఇంక్‌స్కేప్ వేసుకోండి. ఇవన్నీ లినక్స్‌లోనూ ఇవే. నెల రోజులు వీటితో పనిచేస్తే ఎక్కడ చేయి ఆగుతోందో మీకే తెలుస్తుంది. కొరుకుడు పడని పనులు కొన్ని మిగులుతాయి. లెక్కలకి టాలీ ఉంటే దానికి విండోస్ కావాలి. కోరల్‌లో చేసిన పెళ్లిపత్రికల పాత ఫైళ్లు ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే చెదిరిపోవచ్చు. డిజిటల్ సంతకం టోకెన్లు లినక్స్‌లో కొన్ని పనిచేస్తాయి, కొన్ని విసిగిస్తాయి. వీటికోసం విండోస్ 11 నడిచే సిస్టమ్ ఒక్కటి కొనండి, ఎనిమిదో తరమో ఆ పైదో సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా చాలు. అంటే డీలరు చెప్పిన నాలుగులో ఒకటి. మిగతా మూడూ ఆన్‌లైన్ అప్లికేషన్లకి, ప్రింట్లకి, టైపింగ్‌కి. వాటికి లినక్స్‌లోనే మింట్ అనే రకం సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. చూడ్డానికి విండోస్‌కి దగ్గరగా ఉంటుంది, మీ దగ్గర పనిచేసే అమ్మాయి రెండు రోజుల్లో అలవాటు పడుతుంది. అదీ ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. డిస్క్‌లో ఏమీ మారదు. ప్రింటరు, స్కానరు, వైఫై అన్నీ పలికితేనే ఎక్కించండి.

తెలుగు టైపింగ్ గురించి మీరు అడగలేదు, అయినా మీ షాపుకి ప్రాణం అదే. మీ టైపిస్టు వేళ్లకి పాత డీటీపీ రోజుల యాపిల్ అనే కీబోర్డు అమరికే అలవాటై ఉంటుంది. యూనికోడ్ అనగానే మళ్లీ అక్షరాలు దిద్దుకోవాలేమో అని చాలామంది జంకుతారు. అక్కర్లేదు. లినక్స్‌లో టైపింగ్ భాషలు మార్చే ఐబస్ అనే ప్రోగ్రాముకి ఎం17ఎన్ ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరికతో పాటు తెలుగు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. ఫాంట్లకీ కొరత లేదు. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, శుభలేఖకైనా ఫ్లెక్సీకైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఒత్తుల అమరికలో పాత డీటీపీ అందం అన్నిచోట్లా రాదు. అది ఒప్పుకోవాలి. కానీ ఆ ఫైలు పదేళ్ల తర్వాత కూడా తెలుగుగానే చదువుకోవచ్చు, అందులో ఒక పేరు వెతికితే దొరుకుతుంది. కొత్త పని ప్రతిదీ ఈ రోజు నుంచే యూనికోడ్‌లో చేయించండి. పాతవాటిలో గుడి కమిటీల పుస్తకాలు, కులసంఘాల చరిత్రలు, ఎవరైనా రాసుకున్న కవిత్వం ఉంటే అవి మార్చడానికి రోజూ ఒక అరగంట కేటాయించండి. పాత డోంగిల్ ఇంకా పనిచేస్తూ ఉండగానే చేయండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మన షాపుల్లో యాక్టివేటర్లతో నడిచే విండోస్, ఆఫీస్ ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు వేసినవాణ్నే, మానేశాను. ఆ యాక్టివేటరు యాంటీవైరస్‌ని ఆపమంటుంది, ఆపినచోట ఇంకేం దూరుతుందో చూడలేం. మీ షాపు సిస్టమ్‌లో ఉన్నది మీ సమాచారం ఒక్కటే కాదు. ఊళ్లోవాళ్ల ఆధార్లు, పాన్‌కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు వాట్సాప్‌లో వచ్చి మీ డౌన్‌లోడ్స్‌లో పేరుకుంటున్నాయి. ఒక సిస్టమ్ రిపేరుకొస్తే అందులో ముక్కూమొహం తెలియనివాళ్ల ఆధార్లు గుట్టలుగా కనిపిస్తాయి, నాకు మనసు పాడవుతుంది. ప్రింటు ఇచ్చిన వెంటనే తీసేయండి. రాత్రి షట్టరు దించే ముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేయడం ఆ అమ్మాయికి పనిలో భాగం చేయండి. ఊరికే గుర్తింపు కోసమైతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుందని అడిగినవాళ్లకి మీరే చెప్పండి. లినక్స్ వేసిన సిస్టమ్‌ల వల్ల ఇక్కడ మీకో లాభం ఉంది. కుర్రాళ్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లోని షార్ట్‌కట్ వైరస్‌లు విండోస్ కోసం రాసినవి, వీటిలో పారవు. పెన్‌డ్రైవులన్నీ ఆ సిస్టమ్‌లకే పెట్టించండి.

మీ అబ్బాయిని నిరుత్సాహపరచకండి, వాడి బుద్ధి మంచి దారిలోనే ఉంది. నాలుగింటిలో బాగా పాతదీ, పని తక్కువగా ఉండేదీ ఒకటి వాడికి అప్పగించి, ఒక ఆదివారం మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ నుంచి నడిపించమనండి. పనిచేసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయమనండి, తనకి ఎక్కడ ఇబ్బందిగా ఉందో రాసుకోమనండి. అది సర్దుకున్నాకే రెండోది. మీ ప్రింటర్లు, స్కానరు కంపెనీ పేరూ మోడల్ నంబరూ ఇక్కడ రాస్తే వాటిలో ఏది సాఫీగా నడుస్తుందో, ఏదాన్ని విండోస్ సిస్టమ్‌కే ఉంచాలో చూసి చెబుతాను.